మనం దాటిపోయే ఊళ్లు
మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఊరివారి చేతిలో ఉండే పర్యాటకం గురించి

క్రిస్మస్ దగ్గరపడగానే మన సంఘాలలో మెదక్ ప్రయాణం మాట వస్తుంది. బస్సు మాట్లాడతారు, పులిహోర పొట్లాలు కడతారు, తెల్లవారుజామునే బయలుదేరతారు. హైదరాబాద్ నుండి వెళ్లే బస్సులు కొన్ని నాగపూర్ రహదారి పట్టుకుని మేడ్చల్ మీదుగా పోతాయి. ఇటు రాజీవ్ రహదారి మీద మన హైందవ సోదరులు శామీర్‌పేట మీదుగా కొమురవెల్లి మల్లన్న దగ్గరకు, వేములవాడ రాజన్న దగ్గరకు వెళతారు. రెండు దారుల్లోనూ ఏడాది పొడవునా యాత్రికులు ఉంటారు. వారిలో మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో దిగి, ఈ ఊరి కథ ఏమిటని అడిగేవారు ఎందరు? టీ తాగడానికి ఆగుతాము, డీజిల్ పోయించుకుంటాము, ఖాళీ నీళ్ల సీసాలు అక్కడే వదిలి సాగిపోతాము.

ఈ వారం మేము పాఠకుల ముందు పెట్టదలచిన సంగతి ఇదే. పుణ్యస్థలం కాని ఊరికి కూడా వారసత్వం ఉంటుంది. ఆ వారసత్వాన్ని ఊరివారే చూపించి, దాని మీద వచ్చే రాబడిని ఊరివారే పంచుకునే పద్ధతి ఒకటి ఉంది. నగరం ఈ ఊళ్లను పూర్తిగా కలుపుకోకముందే ఆ పని మొదలుకావాలి. అందులో మన సంఘాలు చేయగలిగింది చాలా ఉంది.

గుట్ట మీద ఒకే ఒక్క మాట

ఔటర్ రింగ్ రోడ్డు మీద శామీర్‌పేట తరువాత వచ్చేది కీసర. అక్కడి కీసరగుట్ట మీద రామలింగేశ్వర స్వామి ఆలయం ఉంది. శివరాత్రికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. అందుకే చాలామందికి కీసరగుట్ట అంటే జాతరే గుర్తుకొస్తుంది. అయితే అదే గుట్ట మీద పురావస్తు శాఖ తవ్వకాలలో విష్ణుకుండిన రాజుల నాటి కోటగోడ ఆనవాళ్లు, ఇటుక కట్టడాల పునాదులు బయటపడ్డాయి. అక్కడే ఒక బండ మీద చెక్కిన ఒక చిన్న తెలుగు మాట ఉంది. ఆ మాట ‘తొలుచువాండ్రు’. రాళ్లను తొలిచేవారు, అంటే రాతిపనివారు అని అర్థం. సుమారు 1,500 ఏళ్ల నాటిదని చరిత్రకారులు భావించే ఈ రాత, తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు రాతలలో ఒకటి.

ఒక్క క్షణం ఆలోచించండి. మన ప్రాంతంలో ఇంత పాత తెలుగు మాట రాజు బిరుదు కాదు, యుద్ధంలో గెలుపు కాదు, దానం చేసినవారి గొప్ప కాదు. సుత్తి, ఉలి పట్టుకున్న పనివారి పేరు. ఇప్పటికీ ఈ చుట్టుపక్కల రాయి కొట్టి, మట్టి మోసి బతికే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లల్లో ఎంతమందికి ఈ మాట గురించి తెలుసు? వారి బడి నుండి ఆ గుట్టకు ఎవరైనా తీసుకువెళ్లి, మీ పనికి ఇక్కడ ఇంత పాత పేరు ఉందని చూపించారా?

మెదక్ సంగతి కూడా ఇలాంటిదే. 1914లో పని మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మహా మందిరాన్ని మనం చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి పేరుతో గుర్తుపెట్టుకున్నాము. అది న్యాయమే. కరువు రోజులలో పనిచేసినవారికి తిండి దొరకాలన్న ఆలోచన ఆ కట్టడం వెనుక ఉందని కూడా మన పెద్దలు చెబుతూ వచ్చారు. కాని ఆకలి కడుపుతో వచ్చి, రాయి ఎత్తి, సున్నం నూరిన ఆ వేలమంది పేర్లలో మనకు ఎన్ని తెలుసు? నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము చదివినవారికి గుర్తుండే ఉంటుంది. యెరూషలేము గోడ ఏ భాగం ఎవరు కట్టారో అక్కడ వరుసగా పేర్లు ఉన్నాయి. బంగారపు పనివారు, వర్తకులు ఆ జాబితాలో ఉన్నారు. తండ్రితో కలిసి పనిచేసిన కుమార్తెలు కూడా ఉన్నారు. కట్టినవారి పేర్లు రాసిపెట్టడం దైవజనులకు కొత్త సంగతి కాదు.

చెరువు చెప్పే కథ

శామీర్‌పేట అనగానే నగరవాసులకు పెద్ద చెరువు గుర్తుకొస్తుంది. నిజాం కాలం నాటి ఈ చెరువు సికింద్రాబాద్ నుండి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆదివారం సాయంత్రం కట్ట మీద కుటుంబాలు కనిపిస్తాయి. దగ్గరలో జవహర్ జింకల పార్కు ఉంది. చుట్టూ రిసార్టులు, దాబాలు వెలిశాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఈ ప్రాంతానికి కొత్త పేరు తెచ్చాయి. వచ్చినవారు నీళ్లను చూసి, ఫోటో దిగి వెళతారు. చెరువు ఎలా పనిచేస్తుందో మాత్రం చూడరు.

తెలంగాణ చెరువు ఒక గొప్ప ఏర్పాటు. కట్ట నీటిని నిలుపుతుంది. తూము పొలాలకు నీరు వదులుతుంది. నిండినప్పుడు మిగులు నీరు అలుగు మీదుగా కింది చెరువుకు చేరుతుంది. ఇలా గొలుసుకట్టుగా ఒక చెరువు నీరు ఇంకో చెరువుకు అందుతుంది. ఎప్పుడు తూము తీయాలో, ఏ మడికి ఎంత నీరు పారాలో చూసుకోవడానికి ఊరికి నీరటి ఉండేవాడు. చాలా ఊళ్లలో ఈ పని దళిత కుటుంబాలది. వర్షపు రాత్రి కట్ట మీద కాపలా తిరిగింది వారే. కట్టను పోసిందీ, పూడిక తీసిందీ ఒడ్డెరలు, ఇతర శ్రమజీవులు. చేపలు పట్టేవారు, బట్టలుతికేవారు, కుండలకు మట్టి తెచ్చుకునేవారు, పశువులను కడిగేవారు అందరూ ఈ నీటి మీదే బతికారు. కట్ట మీద మైసమ్మ గుడి ఉండడం కూడా ఆ భయభక్తుల చరిత్రలో భాగమే. మన విశ్వాసం వేరు కావచ్చు. అయినా పొరుగువారు నీటిని ఎలా గౌరవించారో తెలుసుకోవడం వల్ల మనకు వచ్చే నష్టం లేదు.

గ్రామ సంఘాల చరిత్ర తెలిసినవారు ఇక్కడ ఒక సంగతి గుర్తిస్తారు. నిజాం రాజ్యంలో వెస్లియన్ మిషన్ బోధను మొదట అంగీకరించినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారే. అంటే చెరువుల దగ్గర, పొలాల్లో, రాతిపనిలో ఊరి వారసత్వాన్ని కట్టినవారి మనవలు ఈనాడు మన బల్లల మీద కూర్చుంటున్నారు. ఆ కథ చెప్పగలిగిన ముసలివారు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. నీరటి పని చేసిన తాతను సమాధి చేసిన రోజు, ఏ వానకు ఏ తూము తీయాలన్న జ్ఞానం కూడా ఆయనతోనే మట్టిలో కలుస్తుంది.

ఎందుకు ఇప్పుడే

మేడ్చల్, శామీర్‌పేట, కీసర ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపొందిన ఊళ్లు. హైదరాబాద్ పేరుతో కలిసి వినిపించే అనాబ్-ఎ-షాహి రకం గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు. పందిళ్లు ఉన్న చోట ఇప్పుడు చాలావరకు ప్లాట్ల రాళ్లు కనిపిస్తున్నాయి. మిగిలిన కొన్ని తోటలకు సంవత్సరారంభంలో, పండ్ల కాలంలో, నగరం నుండి కుటుంబాలు వచ్చి తమ చేతులతో గుత్తులు కోసి, తూకం వేయించుకుని కొనుక్కుంటున్నాయి. ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. కాని తోటను తోటగా నిలబెట్టే ఆదాయం అందులో ఉంది. దళారికి పోయే వాటా రైతుకే మిగులుతుంది.

2016 అక్టోబర్‌లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. ఆ తరువాత పంచాయతీలు ఒకటి తరువాత ఒకటి మున్సిపాలిటీలయ్యాయి. ఎకరం ధర పెరిగింది. భూమి అమ్మినవారిలో కొందరు బాగుపడ్డారు. భూమి లేనివారు, కొద్దిగా ఉండి తొందరపడి అమ్ముకున్నవారు ఆ నేల మీదే లేచిన గేటెడ్ కాలనీలకు కాపలాదారులయ్యారు, ఇంటి పనివారయ్యారు. తాతల ఊరిలో గేటు దగ్గర పేరు రాసి లోపలికి పోవలసిన స్థితి వచ్చింది. ఒక ఊరికి తన కథ తెలియకపోతే దాన్ని ధర మాత్రమే చూసి అమ్మేస్తారు. కథ తెలిసిన ఊరు కనీసం బేరం దగ్గర ఆగి ఆలోచిస్తుంది.

ప్రభుత్వ పర్యాటకం కూడా ఎక్కువగా పుణ్యక్షేత్రాల చుట్టూ తిరుగుతుంది. అందులో తప్పు లేదు. యాత్రికులు ఎక్కువ, వారికి నీళ్లు, నీడ, మరుగుదొడ్లు అవసరం. కాని ఆ లెక్కలో గుడి, చర్చి, దర్గా లేని ఊరు లెక్కకు రాదు. ఉన్న ఊరిలోనూ ప్రహరీ బయట బతికేవారికి దక్కేది కొద్దే.

ఊరి చేతిలో ఉండే పర్యాటకం అంటే ఏమిటి

పర్యాటకం అనగానే హోటలు, టికెట్టు, బోటు గుర్తుకొస్తాయి. ఇక్కడ మేము చెబుతున్నది వేరే. ఊరివారు ఒక కమిటీగా కూర్చుని, ఏమి చూపించాలో, ఎంతమందిని రానివ్వాలో, ఎంత తీసుకోవాలో, వచ్చిన డబ్బు ఎలా పంచుకోవాలో వారే నిర్ణయిస్తారు. వచ్చినవారు అతిథులుగా వస్తారు. చూపించేవారు ఆ ఊరి యువకులు, యువతులే. వండేది ఆ ఊరి మహిళా సంఘం. చెప్పే కథ ఆ ఊరి పెద్దలది.

లెక్క ఒకసారి చూద్దాము. ఇది మేము ఉదాహరణకు వేసిన లెక్క. ఒక సంఘం నుండి 40 మంది ఒక శనివారం వచ్చారనుకోండి. తలకు 400 రూపాయల చొప్పున 16,000 అవుతుంది. జొన్న రొట్టె, పచ్చిపులుసు, సకినాలతో భోజనం పెట్టిన మహిళా సంఘానికి తలకు 200 చొప్పున 8,000. దారి చూపి కథ చెప్పిన ముగ్గురికి వెయ్యి చొప్పున 3,000. తమ పని చేసి చూపించిన ఇద్దరు వృత్తిదారులకు 2,000. శుభ్రతకు 1,000. మిగిలిన 2,000 ఊరి ఉమ్మడి నిధికి. అదే బస్సు రహదారి మీద పెద్ద దాబా దగ్గర ఆగితే అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది, కాని ఊరిలోకి ఒక్క రూపాయి రావడం కష్టం. ఖర్చు చేసే డబ్బు దాదాపు అంతే, అది చేరే చేతులు మాత్రం మారతాయి.

ఒక్క రోజు ప్రయాణానికి ఈ దారిలోనే సరిపడా ఉంది. సికింద్రాబాద్ నుండి శామీర్‌పేట వెళ్లే దారిలో బొల్లారం వస్తుంది. అక్కడ 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1983 నవంబర్‌లో ఎలిజబెత్ రాణి తన వివాహ వార్షికోత్సవ వేళ ఆరాధనకు వచ్చింది ఆ మందిరానికే. అదే బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 2023 నుండి ఏడాది పొడవునా సందర్శకులకు తెరచి ఉంటోంది. ఉదయం అవి చూసి, శామీర్‌పేట కట్ట మీద తూము, అలుగు ఎలా పనిచేస్తాయో ఒక పెద్దమనిషి నోట విని, ఊరిలో భోజనం చేసి, మధ్యాహ్నం కీసరగుట్ట మీద ఆ ‘తొలుచువాండ్రు’ రాత సంగతి పిల్లలకు చెప్పి తిరిగి రావచ్చు. ఎండాకాలమైతే తాటి ముంజలు, పండ్ల కాలమైతే ద్రాక్ష దారిలోనే దొరుకుతాయి.

ముందు నడిచిన ఊళ్లు

ఇది కల కాదు అనడానికి మన రాష్ట్రంలోనే సాక్ష్యాలు ఉన్నాయి. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. ఆ ఊరికి పేరుపొందిన గుడి వల్ల ఆ గుర్తింపు రాలేదు. ఇక్కత్ మగ్గాల వల్ల, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చిన ఆ భూదాన స్మృతి వల్ల వచ్చింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ మెచ్చిన గ్రామాలలో ఇత్తడి పనికి పేరుపొందిన పెంబర్తి, సిద్దిపేట జిల్లాలోని చంద్లాపూర్ ఉన్నాయి. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి వెళ్లేది ఆ సిద్దిపేటకే.

కేరళలోని కుమరకం మరో పాఠం నేర్పింది. వేంబనాడ్ సరస్సు ఒడ్డున రిసార్టులు వచ్చినప్పుడు, మా పొలాలు పోయాయి, మా నీటి దగ్గరకు మమ్మల్నే రానివ్వడం లేదు, మాకు దక్కిందేమిటని అక్కడివారు నిలదీశారు. 2008లో అక్కడి ప్రభుత్వం బాధ్యతాయుత పర్యాటకం అనే పద్ధతి మొదలుపెట్టింది. కుటుంబశ్రీ మహిళలు, చిన్న రైతులు పండించిన కూరగాయలను హోటళ్లు కొనే ఏర్పాటు చేశారు. తాళ్లు పేనడం, కొబ్బరాకు అల్లడం, చేపలు పట్టడం అతిథులకు చూపించి ఆ కుటుంబాలు డబ్బు సంపాదించుకునే దారి వేశారు. శామీర్‌పేట చెరువు చుట్టూ ఉన్న రిసార్టులు కూడా చుట్టుపక్కల ఊళ్ల నుండి పాలు, కూరగాయలు, పండ్లు కొంటే, అది ఏ కొత్త పథకమూ లేకుండానే మొదలయ్యే మేలు.

తప్పిపోకుండా చూడవలసినవి

పర్యాటకం తనంతట తాను మంచిది కాదు. పేదవాని ఇంటిని చూడ్డానికి వచ్చి, అడగకుండా ఫోటో తీసి, జాలిపడి వెళ్లిపోతే అది అవమానమే. కాబట్టి ఫోటోకు అనుమతి, ఇంటిలోకి వెళ్లడానికి అనుమతి ముందే ఉండాలి. కమిటీలో పెద్ద ఇళ్లవారే కూర్చుంటే లాభం మళ్లీ వారికే పోతుంది. మహిళలకు, భూమి లేనివారికి, అన్ని వాడలవారికి అందులో చోటు ఉండాలి, లెక్కలు అందరి ముందు చదవాలి. ఏ వాడలో వండినది ఏ వాడవారు తింటారన్న పాత రోగం వంట దగ్గర తల ఎత్తితే, అక్కడే ఖండించాలి. నెలకు ఎన్ని బృందాలు రావచ్చో పరిమితి పెట్టుకోవాలి. మద్యం విందుల కోసం వచ్చే గుంపులకు మొదటి నుండే చోటు ఇవ్వకూడదు. చెరువులోకి చెత్త పోకుండా చూసే బాధ్యత వచ్చినవారిది కూడా.

మన విశ్వాసులకు ప్రత్యేకంగా రెండు మాటలు. మొదటిది, ఇతరుల ఆరాధన స్థలం పక్కన ఉన్న చరిత్రను చూడడం వల్ల మన విశ్వాసానికి హాని కలుగదు. పౌలు ఏథెన్సు పట్టణమంతా తిరిగి చూసిన తరువాతే అక్కడివారితో మాట్లాడాడు. రెండవది ఇంకా ముఖ్యమైనది. ఈ ప్రయాణాలను కరపత్రాలు పంచే సందుగా వాడుకోకూడదు. అతిథిగా వెళ్లినవాడు ఆతిథ్యం ఇచ్చినవారి నమ్మకాన్ని పాడు చేయకూడదు. మనం మర్యాదగా విని, సరిగ్గా డబ్బు చెల్లించి, శుభ్రంగా వచ్చేస్తే, అదే మన గురించి చెప్పవలసినదంతా చెబుతుంది.

సంఘం చేయగల పని

గ్రామ సంఘాలు, నగర సంఘాలు చెరొక పని పట్టుకోవచ్చు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు గ్రామ సంఘాలలో చదువుకున్న యువత ఉంది. వారు పెద్దల మాటలను ఫోనులో రికార్డు చేయగలరు. చెరువు పని, రాతి పని, వ్యవసాయం, ఊరి పాటలు, పాత మందిరం ఎవరు కట్టారు, బావి ఎవరు తవ్వారు అన్నవి ఒక్కో ఆదివారం ఒక్కో పెద్దను అడిగి తెలుసుకోవచ్చు. కులం, మతం చూడకుండా ఊరి పెద్దలందరినీ అడగాలి. లేకపోతే అది ఊరి చరిత్ర కాదు, మన వాడ చరిత్ర మాత్రమే అవుతుంది. మందిరానికి రిజిస్టర్లు ఉన్నాయి. బాప్తిస్మ, వివాహ, సమాధి నమోదులలో ఊరి కుటుంబాల పేర్లు, వృత్తులు దాగి ఉన్నాయి. చెదలు పట్టకముందే వాటిని స్కాన్ చేయించి భద్రపరచండి.

నగర సంఘాల పని ఇంకా సులువు. ఏడాదికి ఒక విహారయాత్ర ఎలాగూ ఉంటుంది. సండేస్కూలు పిల్లలనో, యువజనులనో ఒకసారి ఈ దారికి తీసుకురండి. ముందుగా ఊరి మహిళా సంఘంతో మాట్లాడి భోజనం చెప్పండి. చూపించేవారికి కూలి ఎంతో ముందే అడిగి, బేరం ఆడకుండా ఇవ్వండి. ఒక సంఘం వెళ్లి వచ్చి బాగుందని చెబితే రెండవ సంఘం వెళుతుంది. నెలకు రెండు బృందాలు క్రమంగా వస్తే చాలు, ఊరిలో నలుగురు యువతీయువకులు ఆ పని నేర్చుకుని నిలబడతారు. వారిలో ఒకరు రేపు పురావస్తు శాస్త్రం చదవాలనుకుంటే మనం ఆశ్చర్యపోనవసరం లేదు.

పురావస్తు శాఖకు, జిల్లా అధికారులకు ఒక విన్నపం కూడా చేయవచ్చు. ‘తొలుచువాండ్రు’ అన్న మాటకు అర్థం తెలిపే మంచి తెలుగు పలక, అక్కడికి వెళ్లే సురక్షితమైన దారి, బండల మీద పేర్లు గీకకుండా కాపలా. ఇవి పెద్ద ఖర్చు కాదు. సంఘాలు, బడులు, గుడి కమిటీలు, మసీదు కమిటీలు కలిసి సంతకాలు పెట్టి అడిగితే, వినేవారు తప్పక ఉంటారు.

యాత్ర మానుకోమని మేము చెప్పడం లేదు. మెదక్‌కు వెళ్లండి, ప్రార్థించండి, దేవుణ్ణి స్తుతించండి. దానితో పాటు మీ సంఘంలో ఎనభై ఏళ్లు దాటినవారు ఎవరో ఈ ఆదివారమే చూడండి. ఆరాధన అయిన తరువాత ఒక యువకుడో యువతో వారి పక్కన కూర్చుని, చిన్నప్పుడు మీ ఊరి చెరువు నిండితే ఏం చేసేవారు తాతా, ఏం చేసేవారు అవ్వా, అని అడగనివ్వండి. ఒక నోటుపుస్తకం, ఒక ఫోను చాలు. ఊరి వారసత్వాన్ని కాపాడే పని అక్కడ మొదలవుతుంది.